చుక్క కేక

నాగలక్ష్మి పాత వల మీద ఆరబోసిన నెత్తళ్ళ చేపలను అరచేత్తో తిరగేస్తోంది. పైవి ఎండి గలగలమంటున్నాయి గాని అడుగున ఇంకా చెమ్మ ఉంది. మధ్యమధ్య పీత పిల్లలో, నాచు పోగులో చేతికి తగిలితే ఏరి పక్కన పడేస్తోంది. దడి మీద కూర్చున్న కాకి ఆమె చెయ్యి ఎటు పోతే అటు మెడ తిప్పుతోంది.

నిరుడు ఈపాటికి వాకిలి చాలక ఎదురింటి వాళ్ళ ఇసకలో కూడా ఆరబోసుకునేవాళ్ళు. ఇప్పుడు ఒక్క వల ముక్క పరిస్తే ఇంకా చోటు మిగిలింది. ఈ కాసిని నెత్తళ్ళు కూడా తమ ఇంటి వేటవి కావు. పగటి పూట ఒడ్డున వల లాగిన వాళ్ళు వదిలేసినవి. అత్తగారు గంగారత్నం అడిగి బుట్టలో తెచ్చింది.

అరుగు మీద మామగారు పేరయ్య వల ఒళ్ళో వేసుకుని బాగుచేస్తున్నాడు. వినాయక చవితి వెళ్ళిన దగ్గర్నుంచీ ఆ వల నీళ్ళ మొహం చూడలేదు. తెగిన చోట్ల అల్లడం ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడాయన బాగున్న ముడి విప్పి మళ్ళీ అదే ముడి వేస్తున్నాడు. నాగలక్ష్మి అది కనిపెట్టింది గాని ఎవరితోనూ అనలేదు.

"లక్ష్మీ! ఆ మనిషికి మంచినీళ్ళేమన్నా కావాలేమో కనుక్కో," అని లోపల్నుంచి గంగారత్నం కేకేసింది.

ఆ మనిషికీ ఆమెకీ మధ్య ఒక్క గుమ్మమే అడ్డం.

"వద్దని చెప్పమ్మా," అన్నాడు పేరయ్య.

"వద్దంట అత్తా."

"మంచిది. బిందె నిండుగా ఉంటది."

చవితి మర్నాటి నుంచీ ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మాటలన్నీ నాగలక్ష్మి మీదుగానే నడుస్తున్నాయి. అన్నం కూడా ఆమే పెట్టాలి. పేరయ్య బయటికి వెళ్ళేటప్పుడు మాత్రం పాత అలవాటు కొద్దీ గోడకేసి చూసి "వెళ్ళొస్తా" అంటాడు. గోడ బదులు చెప్పదు. ఆయన వెళ్ళిపోతాడు.

కాస్త పొద్దెక్కాక జాన్‌బాబు మోపెడ్ వేసుకొచ్చాడు. పాలేల్లో ఎండుచేప కొని హనుమాన్ జంక్షన్‌లో అమ్ముకునే మనిషి. బండికి రెండు వైపులా ఉబ్బి ఉండాల్సిన గోనెసంచులు జారిపోయిన పంచెల్లా వేలాడుతున్నాయి.

"ఏం పిన్నీ, ఇంతేనా? దీన్ని మా పిల్లి టిఫిను కింద కూడా లెక్కెయ్యదు."

"మీ పిల్లిని జంక్షన్‌లో హోటలుకి తీసుకుపో నాయనా. మాకున్నది ఇదే," అంది గంగారత్నం గుమ్మంలోకి వచ్చి.

"నామీద కోప్పడతావేంటి? ఆ చుక్కని నేనేమన్నా పేల్చానా?" అని నవ్వబోయి, అరుగు మీద పేరయ్యను చూసి ఆ నవ్వు మధ్యలోనే మింగేశాడు. కాసేపు బండి బ్రేకు వైరు సవరించాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు: "సన్నగిల్లిపోతోందిలే. మొన్న మళ్ళీ రేడియోలో చెప్పారు. ఆరుద్ర నక్షత్రమంట కదా, బాగా పెద్దదంట, ముసలిదైపోయి పేలిందంట. అదీ ఇప్పుడు కాదంట. పేలి కొన్ని వందల ఏళ్ళయిందంట. ఆ వెలుగు నడిచి నడిచి ఇప్పటికి మన దాకా వచ్చిందంట."

"మరి మీవాళ్ళేమంటున్నారు?" అంది గంగారత్నం.

"మావాళ్ళా? ముగ్గురు జ్ఞానులకి కనపడిన చుక్కే మళ్ళీ వచ్చిందంటున్నారు. వచ్చేవారం గుణదల మేరీమాత తిరనాళ్ళకి ఇసకేస్తే రాలదు చూడు. నేను కూడా ఎండుచేపలు మానేసి కొవ్వొత్తుల కొట్టు పెడదామనుకుంటున్నా." కాస్త ఆగి, ఓదార్పుగా ఉంటుందనుకున్నాడో ఏమో, "ఎంత వెలుగున్నా దానివల్ల మనుషులకి ఏ హానీ లేదని గట్టిగా చెప్పార్లే రేడియోలో," అన్నాడు.

గంగారత్నం అతని వంక చూసింది.

"ఒకసారి ఆ చెప్పినాయన్ని మా వాకిట్లోకి తీసుకురా బాబూ. మంచినీళ్ళిచ్చి పంపిస్తాను," అని లోపలికి వెళ్ళిపోయింది.

జాన్‌బాబు నెత్తళ్ళు సంచిలో పోసుకున్నాడు. అడుగున ఉన్న పచ్చివి నాగలక్ష్మి వెనక్కి తీసుకుని మళ్ళీ వల మీద పరిచింది. నడిచి నడిచి వచ్చిందన్న మాట ఆమె చెవుల్లోనే ఉండిపోయింది. ఆ వెలుగు బయల్దేరేనాటికి ఈ పాలెం లేదు. ఈ ఇసకదిబ్బలు కూడా ఉన్నాయో లేవో. కృష్ణ ఎటు తిరిగి సముద్రంలో కలిసేదో ఎవరికి తెలుసు! అప్పుడు బయల్దేరింది ఎక్కడా ఆగకుండా, ఎవరింటి దగ్గరా ఒక పూట ఆలస్యం చెయ్యకుండా వచ్చి, సరిగ్గా తను తలుపు తీసి తల బయటపెట్టిన క్షణానికి తాటితోపు మీద నిలబడింది. ఒక్కరోజు ముందొస్తే మావయ్యే చూసేవాడు. తను ఒక్కరోజు తర్వాత తలుపు తీసుంటే అప్పటికే లోకమంతా దాన్ని గురించే చెప్పుకుంటూ ఉండేది.

తర్వాత నిజంగానే అందరూ దాన్ని గురించే చెప్పుకున్నారు. మొదటి వారం తిరిగేసరికి ఆ చుక్క సగం చందమామంత వెలుగు పోగేసుకుంది. అయితే అది వెన్నెల కాదు. వెన్నెల్లో నీడకి అంచు మెత్తగా ఉంటుంది. ఈ వెలుగులో తాటాకు నీడ ఇసక మీద కత్తితో కోసి పెట్టినట్టు పడేది. కోళ్ళు అర్ధరాత్రి కూసేవి, తెల్లారి కూయడం మానేశాయి. బాలింతలు పిల్లల్ని చాపల మరుగున పడుకోబెట్టుకున్నారు. పట్నం వాళ్ళు కార్లేసుకుని వచ్చి ఒడ్డున కూర్చుని, "ఎంత బావుందో!" అనుకుని, వేరుశనక్కాయ తొక్కలు వదిలేసి వెళ్ళేవాళ్ళు.

పాలెం వాళ్ళకి మాత్రం చీకటి పోయింది. చీకటి ఉంటేనే వాళ్ళకి వేట. పున్నమి రోజుల్లో చేప పైకి రాదని వలలు మడిచి పెట్టుకుని అమావాస్య వైపు చూస్తూ ఉంటారు. ఈసారి అమావాస్య వచ్చినా చీకటి రాలేదు. కార్తీకంలో, మార్గశిరంలో పొద్దుగూకిన కాసేపటికే తూర్పున ఆ తెల్లటి నిప్పుముక్క లేచేది. నీళ్ళ మీద దాని దారి పొడుగ్గా పరుచుకునేది. వల నీళ్ళలో తెల్లగా కనపడేది. చేప తప్పుకుపోయేది. మొగవాళ్ళు కొందరు చేపల చెరువుల్లో కూలికి పోయారు, కొందరు విజయవాడ వెళ్ళి బస్తాలు మోశారు.

వాళ్ళందరిదీ ఒక బాధ. ఈ ఇంటిది వేరు.

పాలెం నావలు కృష్ణ సముద్రంలో కలిసే మొగ దాటి వేటకి వెళ్ళాలి. మొగ దగ్గర ఇసక మేట ఉంది. పాటు తీసి నీళ్ళు పల్చబడినప్పుడు అక్కడ అల గోడలా లేస్తుంది. పోటు అందుకున్నాకే దాటాలి. ఏ రోజు ఎప్పుడు దాటాలో పెద్దవాళ్ళు ముందే చెప్పుకుంటారు. ఆ చవితి మర్నాడు వేగుచుక్క పొడిచిన తర్వాత దిగాలనుకున్నారు. పాలెంలో గడియారాలు లేక కాదు. వేటకి గడియారం చూసే అలవాటు లేదు. చుక్క ఉంది, పేరయ్య ఉన్నాడు. ఆయన లేచి ఆకాశం చూసి "చుక్క పొడిచిందహో" అని కేకేస్తే ఆ కేక పాలెం చివరిదాకా వినపడేది. పిల్లలు పక్కకి తిరిగి పడుకునేవాళ్ళు. మొగవాళ్ళు లేచేవాళ్ళు. పెళ్ళయి వచ్చిన కొత్తలో నాగలక్ష్మి ఆ కేకకి ఉలిక్కిపడితే, ఆమె భర్త గంగాప్రసాద్ "అలారం మా నాన్న. కీ ఇవ్వక్కర్లేదు, కాఫీ ఇస్తే చాలు," అని నవ్వేవాడు.

ఆ చవితినాడు పేరయ్యకి జ్వరం. పూజ దగ్గర కూర్చోలేదు, కథ వినలేదు, అక్షింతలు నెత్తిన వేసుకోలేదు. కథ వినకుండా చవితి చంద్రుణ్ణి చూస్తే చెయ్యని తప్పుకి నింద పడాలని ఆయనకి చిన్నప్పట్నుంచీ భయం. రాత్రి మెలకువ వచ్చినా దుప్పటి ముసుగు తియ్యలేదు.

"అమ్మాయ్, నువ్వు కథ విన్నావుగా. బయటికెళ్ళి చుక్క పొడిచిందేమో చూడమ్మా."

"చంద్రుడు ఎప్పుడో వెళ్ళిపోయుంటాడు మావయ్యా."

"మబ్బు చాటున ఉంటే? ఈ ఒక్క పూటకి నువ్వు చూడు."

ఆమె తలుపు తీసింది. ఆకాశం నిండా మబ్బులు. తూర్పున తాటితోపు మీద ఒక్కచోట మబ్బు విడి, అందులో తళతళలాడుతూ పెద్ద చుక్క. అంత పెద్ద చుక్క ఇంకేముంటుంది? "పొడిచింది మావయ్యా," అంది. ఆయన ముసుగులోంచి గుమ్మం దాకా వచ్చి, తల దించుకునే కేకేశాడు.

వేగుచుక్క పొడిచేవేళకి మూడు చుక్కల గొల్లకావడి నడినెత్తికి దగ్గరపడాలి. రోజూ ఆయన ముందు దాన్ని చూసేవాడు, తర్వాత తూర్పు చూసేవాడు. ఆ మూడు చుక్కల సంగతి నాగలక్ష్మికి ఎవరూ చెప్పలేదు. ఆయన అడగలేదు. అప్పటికింకా నడిరాత్రే. మొగలో పాటు తీస్తోంది. ముందు దిగింది గంగాప్రసాద్ నావ. వెనక వాళ్ళు అల చప్పుడు విని తిప్పుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నానికి అతని శవం మేట మీద దొరికింది. అదే రోజు సాయంత్రానికి ఆ చుక్క వేగుచుక్క కాదని పాలెమంతటికీ తెలిసింది. "ముసలోడు కళ్ళు మూసుకుని కేకేశాడు," అన్నారు. "కొడుకుని పిలిచి మరీ పంపాడు," అన్నారు. పేరయ్య కాదనలేదు, అవుననలేదు. దినాలనాడు నాగలక్ష్మి నోరు తెరవబోతే పెరట్లో ఆపాడు. "నేను అడగాల్సింది అడగలేదమ్మా. కేక నాది. నువ్వు మాట్లాడకు," అన్నాడు. పుట్టింటివాళ్ళు తీసుకెళ్తామని రెండుసార్లు వచ్చారు. ఆమె వెళ్ళలేదు. తన నిందని ఆయన నెత్తిన పెట్టి బస్సెక్కడం ఎలాగో ఆమెకి అర్థం కాలేదు. ఇక్కడే ఉండి చేసిందీ ఏమీ లేదు. రోజూ చెప్పాలనుకునేది. రోజూ కంచం కడిగి బోర్లించి పడుకునేది.

మధ్యాహ్నం దాటాక హనుమయ్య వచ్చాడు. పాలెంలో నావలవాళ్ళకి పెద్ద. చెప్పులు దడి అవతలే వదిలి వచ్చాడంటే ఏదో కష్టమైన మాట తెచ్చాడన్నమాట.

"ఏం బావా, వల అయిందా?"

"అవుతోంది."

"ఇంకేం అవుద్ది, నాయనా. అది చూసి సాలీడు కూడా సిగ్గుపడుద్ది," అని అరుగు అంచున కూర్చున్నాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు. "రేపు అమాస. ఆ చుక్క కూడా నీరసపడింది, తెల్లారగట్ట దాకా ఉండటంలేదు. నావలు దింపుదామనుకుంటున్నాం."

పేరయ్య చేతులు ఆగాయి. ఆయన మొహం వైపు నాగలక్ష్మి చూడలేకపోయింది. అందులో ఒక్క క్షణం ఏదో వెలిగింది మరి.

"మంచిది. పోటు ఎప్పుడనుకున్నారు? నేను..."

"కేక సంగతి నువ్వు పెట్టుకోకు బావా," అన్నాడు హనుమయ్య గబగబా. "బందరు నుంచి గంట కొట్టే గడియారం తెప్పించాం. రామాలయం మైకు ముందు పెడతారు. ఇక కేకలూ అవీ ఎందుకు?"

"అవును. ఎందుకు."

"ఇంకోమాట." హనుమయ్య గొంతు సవరించుకున్నాడు. "కుర్రాళ్ళు భయపడుతున్నారు. నేనేం అనడంలేదు, వాళ్ళ మాటే. నావలు దిగే పూట నువ్వు ఒడ్డు మీదకి... అంటే, ఎదురు... ఈ నాలుగు రోజులూ ఇంటిపట్టునే ఉంటే బాగుంటదని."

విధవలకి చెప్పే మాట అది. నాగలక్ష్మికి ఎవరూ చెప్పకుండానే తెలుసు గనక ఆమె ఎప్పుడూ ఆ వేళకి బయటికి వెళ్ళలేదు. ఇప్పుడు ఆయనకి చెప్తున్నారు.

ఆమె లేచి నిలబడింది. "పెదనాయనా, ఆ రోజు—"

"కాకులు ఎత్తుకుపోతున్నాయి, చూసుకోమ్మా!" అన్నాడు పేరయ్య. అంత గట్టిగా ఆయన మాట్లాడి చాలా రోజులైంది. పాత కేకలో ముక్క అది. కాకి దడి మీంచి లేచిపోయింది.

హనుమయ్య కూడా లేచాడు. "ఏమనుకోకు బావా," అని చెప్పులు వేసుకోకుండా చేత్తో పట్టుకునే వెళ్ళిపోయాడు.

ఆ పూట భోజనాలు ఆలస్యమయ్యాయి. పొద్దు వాలింది. పేరయ్య లోపలికి వచ్చి పీట మీద కూర్చున్నాడు. నాగలక్ష్మి అన్నం పెట్టి పులుసు పోసింది. గంగారత్నం పొయ్యి దగ్గర అటు తిరిగి కూర్చుని బూడిద ఎత్తుతోంది.

"ఒడ్డు కూడా మూసేశారంట గదా," అంది పొయ్యితో. "పాలెంలో ఇంకేం మిగిలింది? ఈ గుమ్మం ఒక్కటే. ఇది కూడా ఎవరైనా వచ్చి మూసిపోతే సరి. కన్నకొడుకుని లేపి పంపిన మనిషికి అన్నం ఎట్టా దిగుద్దో! పుట్టెడు పాపం చేసినా ఆకలి మాత్రం ఆగదు."

పేరయ్య ముద్ద కలుపుతున్నాడు.

నాగలక్ష్మి చేతిలో గరిటె గిన్నె అంచుకి తగిలి టంగుమంది. అదే తన నోటికి ఎవరో చెప్పిన సైగ అయినట్టు మాట బయటికి వచ్చేసింది.

"అత్తా, మావయ్య చూడలేదు. చూసింది నేను. చుక్క పొడిచిందన్నది నేను."

పేరయ్య తల ఎత్తి చూశాడు. వద్దన్నట్టు చెయ్యి కదిలింది. కాని మాట దాటిపోయింది.

గంగారత్నం బూడిద ఎత్తడం ఆపలేదు. చేటలో పోసింది, కింద పడినది కూడా చీపురుతో ఊడ్చి పోసింది.

"తెలుసు," అంది.

నాగలక్ష్మి గరిటె గిన్నెలో వదిలేసింది.

"తెలుసా?"

"నాకు నిద్రెక్కడ పట్టింది ఆ రాత్రి, ఈయన జ్వరంతో మూలుగుతుంటే. ఆయన నిన్ను చూడమనడం విన్నాను. నువ్వు పొడిచిందనడం విన్నాను. నువ్వు లోపలికి వచ్చాక నేనూ లేచి గుమ్మంలోంచి చూశాను. నాకూ వేగుచుక్కలాగే కనపడింది. వాడికి చద్దన్నం క్యారేజీలో పెట్టి చేతికిచ్చింది నేనే. ఇంకాసేపు పడుకుంటానమ్మా అంటే, చుక్క పొడిచిందిరా లే అని భుజం తట్టింది నేనే."

"మరి... ఇన్నాళ్ళూ మావయ్యని..."

"ఎవర్ననమంటావ్?" గంగారత్నం ఇటు తిరిగింది. ఏడవడం లేదు. కళ్ళు బూడిదలాగే పొడిగా ఉన్నాయి. "నిన్నంటే నువ్వు నూతిలో దూకేదానివి. నన్ను నేను అనుకుంటే నేను దూకేదాన్ని. ఆకాశాన్ని తిడితే ఏముంది, అది పలుకుద్దా? ఎవరో ఒకర్ని అనకపోతే నాకు తెల్లారేది కాదు. ఆయన నోరెత్తలేదు. మోస్తున్నాడు గదా అని వేశాను. రోజూ కాస్త వేశాను."

"ఆయన తప్పు కాదని తెలిసి కూడానా అత్తా?"

"తెలిసే," అంది గంగారత్నం. "తెలిసి అనడం తేలికనుకున్నావా?"

పేరయ్య కంచంలోకి చూస్తూ ఉన్నాడు. ఇన్నాళ్ళూ ఆయన ఒక పిల్లని కాపాడుతున్నాననుకున్నాడు. తన మీద నిజంగా కోపం ఉన్న మనిషి ముందు, ఆ కోపం ఆ పిల్ల వైపు తిరక్కుండా తలుపులా అడ్డం నిలబడ్డాననుకున్నాడు. ఆ తలుపు వెనక దాచాల్సిందేమీ లేదు. ముందు ఆ కోపం కూడా లేదు. నాగలక్ష్మికి ఆ మొహంలో కోపం కనపడలేదు, బాధ కూడా కనపడలేదు. పొద్దున విప్పి మళ్ళీ వేసిన ముడుల్లాగా ఏదో వదులై ఊడిపోవడం కనపడింది. తను చెప్తే ఆయన బరువు దిగుతుందని ఇన్నాళ్ళూ అనుకుంది. ఆ బరువే ఆయన్ని ఈ పీట మీద కూర్చోబెడుతోందని ఆమెకి తట్టలేదు.

"మావయ్యా, తినండి," అంది.

కలిపిన ముద్ద ఆయన కంచంలోనే వదిలేశాడు. చెంబు తీసుకుని పెరట్లోకి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు. చెంబు తెచ్చి దాని చోట పెట్టాడు. అరుగు మీద ఉన్న వలని దులిపి, మడిచి, కొయ్యకి తగిలించాడు. మడత సరిగా రాలేదనిపించి ఒకసారి దించి మళ్ళీ మడిచి తగిలించాడు. తలగుడ్డ తీసి భుజాన వేసుకున్నాడు.

గంగారత్నం గుమ్మం దాకా వచ్చింది. చేట ఇంకా చేతిలోనే ఉంది. ఏదో అడగబోయింది. చవితి తర్వాత మొదటిసారి ఆయన్నే అడగబోయింది. "ఏవయ్యా" అన్న మాట పెదవుల దాకా వచ్చి, వాడక తప్పిపోయిన మాట గనక, అక్కడే ఉండిపోయింది.

ఆయన గోడకేసి చూస్తాడని, వెళ్ళొస్తా అంటాడని ఇద్దరూ నిలబడి ఉన్నారు.

ఆయన గోడకేసి చూడలేదు, వెళ్ళొస్తా అనలేదు. తూర్పున, పగటి వెలుగులో వెతికితే గాని కనపడనంత తెల్లగా ఆ చుక్క అప్పుడే పైకి వచ్చింది. దాని వైపూ చూడలేదు. దడి తలుపు తీసి, బయటికి నడిచి, పశువులు రాకుండా మళ్ళీ వేసి, వెళ్ళిపోయాడు.

వాకిట్లో కాకి వల మీదికి దిగింది. ఒక నెత్తలి తీసుకుంది, తర్వాత ఇంకొకటి. దాన్ని తోలడానికి ఎవరూ కదల్లేదు.